‘అన్నం పెట్టారుగా’ అన్న మాట మీద

మా అమ్మాయి నాలుగో తరగతికొచ్చింది. కాలిఫోర్నియాలో నాలుగో తరగతి పిల్లలున్న ఇంట్లో ఏడాదిలో ఏదో ఒక నెల డైనింగ్ టేబుల్ మీద తెల్ల గోడలు, ఎర్ర పెంకుల కప్పు, గంట వేలాడే గోపురం లేస్తాయి. దాన్ని మిషన్ ప్రాజెక్ట్ అంటారు. మిషన్లంటే ఈ తీరం స్పెయిన్ చేతిలో ఉన్న రోజుల్లో కాథలిక్ పాదిరీలు స్థానిక జనాన్ని చేర్చి, గుడి చుట్టూ నడిపిన ఊళ్ళు. ఇలా బొమ్మలు కట్టించడం వల్ల పిల్లలకి తెలిసేది పెద్దగా ఏమీ లేదని 2016లోనే రాష్ట్రం తన పాఠ్య మార్గదర్శకాల్లో చెప్పింది. చాలా బడులు మానేశాయి. మా బడిలో మాత్రం వ్యాసం రాసినా సరే, బొమ్మ కట్టినా సరే అన్నారు. పిల్ల బొమ్మే కడతానంది. మేముండేది ఫ్రీమాంట్‌లో, 1797లో పెట్టిన మిషన్ శాన్ హోసే మా ఇంటికి పది నిమిషాల దూరం. కాబట్టి అదే కట్టాలని తేలిపోయింది.

ఆ ఆదివారం ఒక స్నేహితురాలు ఇంటికొచ్చింది. ముగ్గురం కూర్చుని పాస్తా ముక్కలకి ఎర్ర రంగు వేసి పెంకుల్లా అతికిస్తున్నాం. నేను కొన్ని నెలలుగా ఈ మిషన్ల గురించి చదువుతున్నాను కదా, అక్కడ ఓలోనీలనే స్థానిక జనం ఎలా బతికారో చెప్తూ ఉన్నాను. తను కాసేపు విని, “పోనీలే అక్కా, అడవుల్లో తిరిగేవాళ్ళని తీసుకొచ్చి అన్నం పెట్టారుగా. బట్టలిచ్చారు, నాలుగు పనులు నేర్పారు. ఆ రోజుల్లో అంతకంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?” అంది.

తను మంచి మనిషి. ఆ మాట చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నాకు అప్పటికప్పుడు సమాధానం దొరకలేదు. దొరక్కపోవడానికి కారణం నేనూ చాలాకాలం అలాగే అనుకోవడం.

మిషన్ అనే మాట మన చెవికి మంచి మాట. గుంటూరు వైపు పెరిగినవాళ్ళకి మరీను. మా అమ్మ పుట్టింది మిషన్ ఆసుపత్రిలో. మా అమ్మమ్మ ఏ మతం మారలేదు. కానీ పురుడు పోసిన నర్సమ్మ పేరు చెప్పుకుని పోయేవరకూ దణ్ణం పెట్టుకునేది. మిషన్ అంటే నాకు మందు, బడి, తెల్ల చీర. అందుకే ఫ్రీమాంట్‌కి వచ్చిన కొత్తలో మిషన్ బులవార్డ్, మిషన్ పీక్ అన్న పేర్లు చూసి ఇదీ అలాంటిదే అనుకున్నాను. తేడా ఎక్కడుందో తెలియడానికి పదకొండేళ్ళు పట్టింది. మా అమ్మమ్మ పురుడయ్యాక పిల్లని ఎత్తుకుని ఇంటికొచ్చేసింది. ఇక్కడివాళ్ళు రాలేకపోయారు.

జావ

అన్నం పెట్టారు అన్నప్పుడు ఏం పెట్టారో చూద్దాం.

1786 సెప్టెంబరులో లా పెరూజ్ అనే ఫ్రెంచి నావికుడు మాంటెరీ రేవులో దిగి కార్మెల్ మిషన్‌కి వెళ్ళాడు. చూసింది చూసినట్టు రాసుకున్నాడు. తెల్లవారగానే గంట. అందరూ లేచి గుడికి, ప్రార్థన, పూజ. ఆలోపు వాకిట్లో పెద్ద కాగుల్లో జావ ఉడుకుతూ ఉంటుంది. బార్లీ గింజలు వేయించి పిండి చేసి కాచిన జావ, పేరు అతోలే. దాంట్లో ఉప్పు లేదు, వెన్న లేదు. ఇంటికొకరు చెట్టు బెరడుతో చేసిన గిన్నె తీసుకొచ్చి తమ వంతు పోయించుకుంటారు. ముప్పావు గంట టైము. తర్వాత పొలానికో, పచ్చి ఇటుకలు కొట్టడానికో, పశువుల దగ్గరికో. మధ్యాహ్నం మళ్ళీ గంట. ఈసారి గోధుమ, మొక్కజొన్న, బఠాణీలు, చిక్కుళ్ళు కలిపి ఉడికించిన పొసోలే. మళ్ళీ పని. సాయంత్రం ప్రార్థన. రాత్రికి మళ్ళీ జావ. రోజుకి ఏడు గంటల పని, రెండు గంటల ప్రార్థన, ఆదివారాలూ పండగలూ వస్తే ప్రార్థనే నాలుగైదు గంటలు.

ఏడు గంటలంటే మనం చేసే ఆఫీసు పనికంటే తక్కువేగా అని మా వారన్నారు. నిజమే. పని గంటలు లెక్కేస్తే ఆ కాలపు యూరప్ రైతుకూలీ ఇంతకంటే ఎక్కువే కష్టపడి ఉంటాడు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అదే లా పెరూజ్, ఆ పాదిరీల మంచితనాన్ని మెచ్చుకున్న మనిషే, ఆ మిషన్‌ని చూస్తుంటే కరీబియన్ సముద్రంలోని సెయింట్ డొమింగో బానిసల తోటలు గుర్తొచ్చాయని రాశాడు. ఆ పోలిక పెట్టడం తనకే బాధగా ఉందన్నాడు. బొండకొయ్యల్లో కాళ్ళు ఇరికించి ఉన్నవాళ్ళని, ఇనుప సంకెళ్ళతో ఉన్నవాళ్ళని చూశాడు, కొరడా దెబ్బల చప్పుడు విన్నాడు.

అతని ప్రయాణంలో ఒక చిన్న సంగతి ఉంది, దాన్ని నేను మర్చిపోలేను. అక్కడి ఆడవాళ్ళు సన్నికల్లు లాంటి రాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని రోజంతా గింజలు నూరుతుంటారు. అది చూసి ఫ్రెంచివాళ్ళు తమ ఓడలోని ఒక తిరగలి ఇచ్చి వెళ్ళారు. దాంతో నలుగురు ఆడవాళ్ళు వందమంది పని చేయగలరని లెక్క. ఇరవై ఏళ్ళ తర్వాత, 1806లో, లాంగ్స్‌డార్ఫ్ అనే జర్మన్ వైద్యుడు రష్యన్ ఓడలో వచ్చాడు. మా మిషన్ శాన్ హోసేకి కూడా పడవలో వచ్చాడాయన. ఆ తిరగలి ఏమైందని వాకబు చేశాడు. అది లేదు. దాన్ని చూసి ఇంకొకటి చేసుకున్నదీ లేదు. ఎందుకంటే, ఇక్కడ పనికంటే మనుషులే ఎక్కువున్నారు, తిరగళ్ళు తెస్తే వీళ్ళు సోమరులైపోతారని పాదిరీలు అన్నారట.

మా అమ్మమ్మకి గ్రైండర్ కొన్న రోజు ఆవిడ రెండు చేతులూ చూసుకుంటూ కూర్చుంది. ఆ చేతుల కణుపులు నాకు గుర్తే. మనుషుల్ని ప్రేమించేవాడెవడైనా ఇంటికొచ్చిన తిరగలిని మూల పడేస్తాడా? మోకాళ్ళ మీద కూర్చుని నూరడమే మీ ఆత్మకి మంచిది అంటాడా? వాళ్ళు అన్నారు, నమ్మి అన్నారు. నన్ను కలవరపెట్టేది ఆ నమ్మకమే.

ఇంకో మాట. ఆ బార్లీ ఎవరు పండించారు? ఆ ఎద్దులని ఎవరు తోలారు? 1810లో మెక్సికోలో స్వాతంత్ర్య యుద్ధం మొదలయ్యాక స్పెయిన్ సరుకు ఓడలు రావడం ఆగిపోయింది. అప్పటినుంచి కోటల్లోని సైనికులకి తిండి, బట్ట, చెప్పులు, కొవ్వొత్తులు అన్నీ మిషన్లే ఇచ్చాయి. మిషన్లు అంటే అక్కడి స్థానిక జనం. ఎవరు ఎవరికి అన్నం పెట్టారు అన్న ప్రశ్న వేసుకుంటే చేతులు తారుమారవుతాయి. మనం ఉప్పు తిన్న విశ్వాసం అంటాం. వాళ్ళు తమ చెమటనే జావగా తాగారు, ఉప్పు లేకుండా.

అడవిలో అన్నం లేదా?

‘అడవుల్లో తిరిగేవాళ్ళు’ అన్న మాట కూడా సరికాదు. ఈ శాన్ ఫ్రాన్సిస్కో బే చుట్టూ ఓలోనీలు వేల ఏళ్ళుగా ఉన్నారు. ఓక్ చెట్ల కాయలు ఏరి, దంచి, చేదు పోయేదాకా నీళ్ళు పోసి కడిగి, బుట్టలో నీళ్ళు పోసి కాల్చిన రాళ్ళు వేసి జావ కాచుకునేవాళ్ళు. సముద్రపు చిప్పలు, సాల్మన్ చేపలు, బాతులు, గడ్డి గింజలు. గడ్డి గింజల కోసం ఏటా పచ్చిక మైదానాలని పద్ధతి ప్రకారం కాల్చేవాళ్ళు. కాల్చిన చోట మరుసటేడు గింజ బాగా పడుతుంది. అది వాళ్ళ వ్యవసాయం. పంటచేలు కనపడనంత మాత్రాన వ్యవసాయం లేదనుకోవడం స్పెయిన్ వాళ్ళ పొరపాటు. మనదీ అదే పొరపాటు.

మిషన్ పశువులు ఆ గడ్డి తినేశాయి. 1793లో గవర్నర్ అరియాగా అలా కాల్చడాన్ని నిషేధించాడు. మనుషులకి కొత్త జబ్బులొచ్చాయి, ఊళ్ళు పలచబడ్డాయి. బయట తిండి తగ్గుతున్నకొద్దీ లోపల గంట మోగుతున్న చోటికి జనం రావడం పెరిగింది. ఇందులో ఎవరో ఒకరు కూర్చుని చేసిన కుట్ర ఉందని నేననను. కానీ ఇంటి పొయ్యి ఆర్పేసి వచ్చి విస్తరి వేసినవాణ్ణి అన్నదాత అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఎందుకు పారిపోయావు?

నా ఆలోచన తేలింది ఒక్క కాగితం దగ్గర. 1794–95 చలికాలంలో బేకి తూర్పు ఒడ్డునుంచి, అంటే మా వైపునుంచి, సక్లాన్, హుచియున్ అనే తెగలవాళ్ళు పెద్ద సంఖ్యలో శాన్ ఫ్రాన్సిస్కోలోని మిషన్ డొలోరెస్‌కి వెళ్ళి జ్ఞానస్నానం పొందారు. కొద్ది నెలల్లోనే జబ్బులు, తిండి కొరత. 1795లో రెండువందల మందికి పైగా పారిపోయి వెనక్కి వచ్చేశారు. 1797లో సార్జెంట్ పెద్రో అమడోర్ సైనికులతో వెళ్ళి కొందరిని పట్టుకొచ్చాడు. లెఫ్టినెంట్ హోసే అర్గ్వెయో ఒక్కొక్కళ్ళనీ నిలబెట్టి, ఎందుకు పారిపోయావు అని అడిగాడు. జవాబులు రాయించాడు. ఒక్కొక్కటి ఒకటి రెండు వాక్యాలు, అంతే.

తిబుర్సియో: భార్య, కూతురు చనిపోయాక ఏడుస్తున్నానని ఫాదర్ దాంతీ అయిదుసార్లు కొరడాతో కొట్టించాడు, అందుకు.

మకారియో: భార్య, ఒక బిడ్డ చనిపోయారు. వేరే కారణం లేదు.

లిబొరాతో: తల్లి, ఇద్దరు అన్నదమ్ములు, ముగ్గురు మేనల్లుళ్ళు ఆకలితో చనిపోయారు. తను కూడా అలా చావకూడదని.

మగీన్: ఆకలి. పైగా జబ్బుగా ఉన్నప్పుడు బొండకొయ్యలో వేశారు.

ఓమొబోనో: అన్నదమ్ముడు అవతలి ఒడ్డున చనిపోయాడు, ఇక్కడ ఏడిస్తే కొట్టారు. ఇంకోసారి సముద్రపు చిప్పలు ఏరుకోడానికి, అనుమతి తీసుకునే వెళ్ళినా, వలేరియానో అనేవాడు లావు కర్రతో కొట్టాడు.

ఇవి మొదటిసారి చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. దెబ్బల వల్ల కూడా కాదు, ఆ ఏడుపు వల్ల. మన దగ్గర మనిషి పోతే పక్కింటివాళ్ళు కూడా వచ్చి గొంతు కలిపి ఏడుస్తారు. ఏడవకపోతే లోపల గడ్డకడుతుందమ్మా, ఏడువు అని వీపు నిమురుతారు. ఓలోనీలకీ చావుకి పెద్ద ఏడుపే. రోజుల తరబడి ఏడ్చి, జుట్టు కత్తిరించుకునే జనం వాళ్ళు. అది మొరటుతనం అనుకుని మాన్పించాలని కొరడా ఎత్తారు.

అన్నం పెట్టారుగా అన్న మాటకి ఇక్కడ జవాబుంది. ఆకలి అని ముగ్గురు నలుగురు చెప్పారు. తమ తిండి తాము ఏరుకోబోతే కర్ర విరిగింది. పట్టుకొచ్చినవాళ్ళని మళ్ళీ అదే చోటికి అప్పజెప్పారు.

మిషన్ చట్టం ఇది: జ్ఞానస్నానం అయ్యేదాకా నీ ఇష్టం. అయ్యాక నువ్వు పాదిరీ సంరక్షణలో ఉన్న బిడ్డవి. సెలవు లేకుండా వెళ్తే పారిపోయినవాడివి, సైనికులొస్తారు. మొదట్లో ఆ నీళ్ళు తలమీద పోసినప్పుడు ఒకరి భాష ఒకరికి రాదు. తామేం ఒప్పుకుంటున్నారో ఎంతమందికి అర్థమై ఉంటుంది? వాళ్ళని నియోఫైట్లు అనేవాళ్ళు, అంటే కొత్తగా చేరినవాళ్ళు. మిషన్‌లోనే పుట్టి ముప్ఫై ఏళ్ళు పెరిగినా ఆ పేరు మారలేదు. పదేళ్ళలో వీళ్ళకి అన్నీ నేర్పి భూమి వీళ్ళకే అప్పగించి వెళ్ళిపోవాలన్నది మొదటి ఏర్పాటు. 21 మిషన్లలో ఒక్కచోట కూడా పదేళ్ళలో ఆ అప్పగింత జరగలేదు.

నా అభిప్రాయం ఇంత చిన్నది. కొరడా ఆ కాలంలో అందరి వీపుల మీదా ఉంది, సైనికుల మీద కూడా. కూలి అందరూ చేశారు. దాన్ని బట్టి మిషన్‌ని తూచలేం. లేచి వెళ్ళిపోతానంటే వెళ్ళనిచ్చారా లేదా, అదొక్కటే నాకు తూకం. వెళ్ళనివ్వని చోట పెట్టిన అన్నం దానం కిందకి రాదు.

ఆ రోజులే అంత అన్నవాళ్ళతో

అప్పటి మనుషులకి మన కాలపు కళ్ళద్దాలు పెట్టకూడదని అంటారు. ఈ మాటకి విలువ ఉంది, అందుకే ఆ కాలంవాళ్ళ కళ్ళతోనే చూద్దాం. లా పెరూజ్ 1786. గవర్నర్ ఫెలిపె దె నేవె పాదిరీల అధికారం తగ్గించి స్థానికులే తమ పెద్దల్ని ఎన్నుకోవాలని 1770ల చివర్లోనే పట్టుబట్టాడు. మిషన్ డొలోరెస్‌లోనే ఫాదర్ ఫెర్నాండెస్ అనే యువకుడు, ఈ మిషన్లు నడిపిన ఫ్రాన్సిస్కన్ సభవాడే, తన తోటివాళ్ళు కొడుతున్న తీరు గురించి గవర్నర్‌కి మొరపెట్టుకున్నాడు. శాన్ మిగెల్ మిషన్‌లో ఫాదర్ ఓర్రా కూడా అలాగే రాశాడు. ఆయనకి పిచ్చి పట్టిందని ముద్ర వేసి మెక్సికో పంపేశారు. ఆయన అక్కడినుంచి 1798లో వైస్రాయ్‌కే ఫిర్యాదు చేశాడు. పై అధికారి ఫాదర్ లాసుయెన్, మా మిషన్ శాన్ హోసే స్థాపించినాయనే, 1801లో ఒక్కో ఆరోపణకీ పెద్ద జవాబు రాశాడు. అంటే తప్పని అనిపించినవాళ్ళు ఆ రోజుల్లో, ఆ అంగీలోనే, అదే పూజాపీఠం ముందు ఉన్నారు.

తిబుర్సియో కూడా ఆ కాలం మనిషే కదా. 1785లో శాన్ గాబ్రియెల్ దగ్గర తిరుగుబాటుకి జనాన్ని కూడగట్టిన తొయ్‌పురినా అనే స్థానిక స్త్రీ కూడా.

నన్ను వదలని సందేహాలు

ఇదంతా రాశాక కూడా కొన్ని విషయాలు లెక్కలో ఇమడవు. అవి దాచిపెట్టి రాస్తే అబద్ధమవుతుంది.

పాదిరీలు డబ్బు చేసుకోవడానికి రాలేదు. ఈ మిషన్లు మొదలుపెట్టిన పాదిరీ హునిపెరో సెర్రా మయోర్కా దీవిలో ప్రొఫెసర్ ఉద్యోగం వదిలి వచ్చాడు. కుంటి కాలితో వందల మైళ్ళు నడిచాడు, పాపాలకి తన వీపు మీద తనే కొట్టుకునేవాడు. 1775లో శాన్ డియేగోలో కుమెయాయ్ జనం తిరగబడి ఒక పాదిరీని చంపితే, ఆ చంపినవాళ్ళని ఉరి తీయొద్దని వైస్రాయ్‌ని వేడుకున్నాడు. అదే సెర్రా, ఆత్మీయ తండ్రులు తమ బిడ్డలైన ఇండియన్లని కొట్టి దిద్దడం ఈ ఖండంలో మొదటినుంచీ ఉన్న ఆచారమే అని 1780లో గవర్నర్‌కి రాశాడు. రెండూ ఒక చేత్తో రాసినవే. 2015లో పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. దాని కోసం ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళలో అప్పటి మిషన్ డొలోరెస్ క్యూరేటర్ ఒకాయన ఉన్నారు, ఆయన స్వయంగా ఓలోనీ వారసుడు. తన పూర్వీకులు అందుకున్న విశ్వాసాన్ని ఆయన తనదిగా ప్రేమిస్తారు. మరోవైపు అమా ముత్సున్ తెగవాళ్ళు వద్దని పోప్‌కి లేఖలు రాశారు. ఆ క్యూరేటర్‌కి చెప్పడానికి నేనెవర్ని? ఆ బాధ ఆయన ఇంటిది. నేను పదకొండేళ్ళ క్రితం వచ్చిన మనిషిని.

కొట్టింది ఎప్పుడూ స్పెయిన్‌వాళ్ళే కాదన్నది ఇంకోటి. పై జవాబుల్లో కర్ర పట్టుకున్న వలేరియానో మిషన్‌లోని స్థానికుడే, అల్కాల్దే, అంటే మన పాత ఊళ్ళ పెత్తందారు లాంటివాడు. మా శాన్ హోసేలో అల్కాల్దేగా ఉన్న ఎస్తనిస్లావ్ 1820ల చివర్లో వందలమందితో వెళ్ళిపోయి, వెంటపడిన సైన్యాన్ని రెండుసార్లు వెనక్కి పంపాడు. స్టానిస్లాస్ నదికి ఆ పేరు అతనిదే. చివరికి 1829లో వచ్చిన పెద్ద దండు తర్వాత అతను తిరిగొచ్చి ఆశ్రయం అడిగింది ఎవరినో తెలుసా? ఫాదర్ దురాన్‌నే, మిషన్ పాదిరీనే. ఆయన క్షమాభిక్ష ఇప్పించాడు. దురాన్ అక్కడి పిల్లలకి వయొలిన్లు, వేణువులు నేర్పి పెద్ద వాద్యబృందాన్ని తయారు చేశాడు. ఒక్కో గొంతుకి ఒక్కో రంగు సిరాతో స్వరాలు రాసిచ్చేవాడు. ఆ రంగు సిరా గురించి చదివినప్పుడు నాకు ఆయన మీద కోపం నిలవలేదు.

అన్నిటికంటే తికమక పెట్టేది పాబ్లో తాక్. 1822లో శాన్ లూయీస్ రే మిషన్‌లో పుట్టిన లూయిసేన్యో తెగ పిల్లాడు. పదేళ్ళప్పుడు ఫాదర్ పెయ్‌రీ వెంట బయల్దేరి రోమ్ చేరాడు, ఇరవై ఏళ్ళు నిండకుండా 1841లో అక్కడే చనిపోయాడు. రోమ్‌లో ఉండగా తమ భాషకి వ్యాకరణం రాయడం మొదలుపెట్టాడు, మిషన్‌లో రోజులెలా గడిచేవో రాశాడు. మిషన్ లోపలినుంచి ఒక స్థానికుడు తన చేత్తో రాసింది మనకి ఉన్నది దాదాపు అదొక్కటే. అందులో ఫిర్యాదు లేదు. పాదిరీ రాజులాంటివాడంటాడు. తోట గురించి చెప్తాడు. ఆ తోటలోకి మిషన్ జనం వెళ్ళి పండు కోయకూడదు, అడిగితే పాదిరీ ఇస్తాడు. ఒకడు తోటమాలి లేడనుకుని దూరి అంజూరు చెట్టెక్కాడు. కంగారులో పండు కొరక్కుండా మింగితే గొంతులో ఇరుక్కుంది. కాకిలా అరిచాడు. తోటమాలి ఆ అరుపు విని పైకి చూసి, కనపడ్డావులే రెక్కల్లేని కాకీ అని రాళ్ళు తీశాడు.

పాబ్లో దీన్ని నవ్వుతూ చెప్తాడు. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లాడు, ఇంటికి వేల మైళ్ళ దూరంలో, పాదిరీల మధ్య కూర్చుని ఊరి తోటని తలుచుకుంటున్నాడు. ఆ తోట అతనికి ప్రియమైనదే, దాన్ని కాదనే హక్కు నాకు లేదు. కానీ ఆ కాగితాల్లోనే, స్వరం ఏమాత్రం మార్చకుండా, మా దేశంలో అయిదు వేలమంది ఉండేవాళ్ళు, ఒక జబ్బొచ్చి రెండు వేలమంది పోయారు, మూడు వేలమంది మిగిలారు అని రాస్తాడు. మొదటి పాదిరీ వచ్చినప్పుడు తమ పెద్ద ఎదురెళ్ళి, ఇక్కడ మీకేం కావాలి, మా దేశం వదిలి పొండి అన్నాడని, ఆ మాట వాళ్ళకి అర్థం కాలేదని కూడా రాస్తాడు. ప్రేమ, చావులు, ఆ మాట మూడూ పక్కపక్కనే. నేను ఆ మూడింటినీ విడదీయలేకపోతున్నాను.

అమెరికన్లు వచ్చాక జరిగింది ఇంతకంటే ఘోరం అన్నది మరో వాదన. అది నిజం. 1850లో చేసిన చట్టం స్థానికుల పిల్లల్ని తెల్లవాళ్ళ ఇళ్ళలో పనికి పెట్టుకోనిచ్చింది. 1851లో గవర్నర్ బర్నెట్ ఈ జాతి అంతరించేదాకా యుద్ధం సాగుతుందని శాసనసభకే చెప్పాడు. ఒక తరంలో దాదాపు లక్షా యాభై వేలమంది ముప్ఫై వేలకి పడిపోయారు. పాదిరీలు చంపాలని రాలేదు, వీళ్ళు చంపాలనే వచ్చారు. ఆ తేడా చిన్నది కాదు. అయితే మిషన్ల కాలంలో, 1769 నుంచి, తీరం పొడవునా ఊళ్ళు ఖాళీ అయింది కూడా అంతే నిజం. పాదిరీలే శ్రద్ధగా రాసిపెట్టిన పుస్తకాల్లో 1850 దాకా, వలసవచ్చినవాళ్ళతో కలిపి, జ్ఞానస్నానాలు లక్ష దాటాయి, ఖననాలు 70 వేలు దాటాయి. తర్వాతివాడు ఇంకా చెడ్డవాడని ముందటివాడి లెక్క కొట్టేయలేం.

ఆ గది

మా వాషింగ్టన్ బులవార్డ్ పక్కన ఒక చిన్న శ్మశానం ఉంది. కంచె, కొన్ని చెట్లు, ఒక రాయి. ఎన్నిసార్లు ఆ దారిన కారులో వెళ్ళానో, ఎప్పుడూ చూడలేదు. ఈ మిషన్ కట్టడంలో పాదిరీలకి సాయపడిన నాలుగు వేలమంది ఓలోనీలు ఇక్కడ నిద్రిస్తున్నారు అని ఆ రాయి మీద ఉంది. పిల్లని తీసుకుని పోయిన శనివారం వెళ్ళాను. నాలుగు వేలు అన్న అంకె చదివి, చిన్న జాగా కదా అంది. నేను ‘సాయపడిన’ అన్న మాట దగ్గర నిలబడిపోయాను.

ఇంటికొచ్చాక బొమ్మలో ఇంకా ఏమేం పెట్టాలో చూసుకున్నాం. గుడి అయింది, గోపురం అయింది, ఫౌంటెన్ అయింది. షాపులో దొరికే కిట్‌లలోనైతే ఒక ఆవు, ఒక పాదిరీ, గొడుగులాంటి చెట్లు కూడా వస్తాయి. మొన్హెరీయో మాత్రం ఎందులోనూ చూడలేదు. పెళ్ళికాని ఆడపిల్లల గది అది. ఏడెనిమిదేళ్ళు రాగానే అమ్మానాన్నల దగ్గర్నుంచి తీసుకొచ్చి, రాత్రి కాగానే లోపల పెట్టి తాళం వేసేవాళ్ళు, పెళ్ళయ్యేదాకా. సైనికుల నుంచి కాపాడటానికి అని కూడా చెప్పేవాళ్ళు, సైనికుల వల్ల భయం నిజంగానే ఉండేది. కిటికీలు చిన్నవి, గాలి ఆడదు, ఒకరి జబ్బు ఇంకొకరికి. అమ్మానాన్నలు అక్కడే, అరుస్తే వినపడేంత దూరంలో గుడిసెల్లో పడుకునేవాళ్ళు.

మనవాళ్ళ హాస్టల్ లాంటిదే కదా అనుకోవచ్చు. నేనూ ఇంటర్ హాస్టల్లోనే చదివాను. ఏడ్చిన రోజులున్నాయి. కానీ నాన్న ఒక ఆదివారం వచ్చి, నా మొహం చూసి, పెట్టె సర్దుకో అన్నాడు. వార్డెన్‌కి ఒక మాట చెప్పి తీసుకొచ్చేశాడు. ఆ పిల్లల నాన్నలకి ఆ మాట లేదు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఇది చెప్పాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్నాను. చివరికి మొత్తం చెప్పలేదు. నీ వయసు పిల్లలు రాత్రిళ్ళు పడుకున్న గది ఒకటుండేది, అమ్మ దగ్గర పడుకోనిచ్చేవాళ్ళు కాదు, అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అట్టముక్క తీసుకుని కొలిచి కత్తిరించింది. కిటికీ చిన్నగా పెట్టింది. పాదిరీల గదుల వరసకి అంటించి, అగ్గిపుల్ల విరిచి గడియ చేసింది.

జిగురు వేలిమీద ఉండగా అడిగింది, “అమ్మా, గడియ లోపల పెట్టాలా, బయటా?”

బయట అని చెప్పాను.